పన్నెండో రౌతు

అమెరికాలోని వయోమింగ్‌లో ఒక చిన్న ఊరు. కంచు బొమ్మలు పోతపోసే కొట్టం వెనక గదిలో భార్యాభర్తలు. ముందు పెరట్లో జనం పోగవుతున్నారు.

“తలుపు తియ్యి లియోటా.”

“తియ్యను.”

“బయట అందరూ వచ్చేశారు. ఆ గడియ తియ్యి.”

“రానీ. కాఫీ తాగుతారు, మన పనివాడు హాలిస్ పెళ్లాం చేసిన ఆపిల్ పై తింటారు. నువ్వు ఆ అచ్చు మీంచి చెయ్యి తీసేదాకా నేనిక్కణ్ణుంచి కదల్ను ఆరిన్.”

“చిన్నపిల్లలా ఏంటిది? గుర్రం మీద రౌతు బొమ్మలు పన్నెండే చేస్తామన్నాం. పన్నెండూ అయిపోయాయి. ఆఖరిది పోశాక అందరి ముందూ అచ్చు పగలగొడతామని మాటిచ్చాం. కొన్నవాళ్లందరికీ సంతకం పెట్టి మరీ ఇచ్చా.”

“మాట, మాట! ఆ ప్లాస్టరు డొప్పలో, ఆ రబ్బరులో మన టల్లీ మొహం ఉంది. పోయిన కొడుకు మొహం! దాన్ని సుత్తి పెట్టి కొడతావా?”

“మెల్లిగా. ఆ పళ్ల డాక్టరు వింటాడు.”

“విననీ! పన్నెండోది వాడికే కదా? వాడి బెల్టు బకిల్ చూశావా, సాసరంత ఉంది. జన్మలో గుర్రం ఎక్కిన మొహం కాదు.”

“ఎక్కకపోతేనేం? వాడింట్లో మన బొమ్మలు మూడున్నాయి. మెత్తటి గుడ్డ తప్ప ఇంకోటి తగలనివ్వడు. ఏటా మైనం పట్టిస్తాడు. ఆ జడ్జి పెళ్లాంలా ఇత్తడి పాలిషు పెట్టి రుద్ది, గుర్రం చెంబులా మెరుస్తోందని మురిసిపోయే రకం కాదు.”

“మాట మార్చకు.”

“మార్చలేదు.”

“మార్చావు. ఎప్పుడూ ఇంతే. టల్లీ పేరొస్తే చాలు, గుడ్డ, మైనం, పాలిషు. గుర్రం వాడి మీద పడి, వాడు పోయి నాలుగేళ్లయింది. ఆ పేరు నీ నోట్లోంచి ఒక్కసారి వచ్చిందా? ఒక్కసారి?”

“ఇప్పుడా ఇవన్నీ?”

“ఇంకెప్పుడు? ఇంకాసేపటికి అది పిండైపోతుంది. వాడి జీను ఎవరికో ఇచ్చేశావు. గోడల మీది ఫొటోలన్నీ నీ చేత్తోనే దించావు. నేను పెట్టెలో దాచుకుని తాళం వేసుకోకపోతే అవి కూడా ఉండేవి కావు. మర్చిపోయావు. హాయిగా మర్చిపోయావు. నా ఏడుపు నాది.”

“అలా అనకు.”

“అంటాను. ఏం చేస్తావు?”

“ఏం చెయ్యను. తలుపు తియ్యమంటాను.”

“సరే, ఒక పని చెయ్యి. అచ్చు నాకిచ్చెయ్. పోత పొయ్యను, ఎవరికీ చూపించను. వంటింటి కింద గదిలో పెట్టుకుంటా.”

“అది ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పదమూడోది పుడుతుంది.”

“నేను దొంగనా?”

“నువ్వు కాదు. మన తర్వాత ఎవడో ఒకడు.”

“అది కాదు. నీ మొహం చూస్తే తెలీదా నాకు? ఆ ఎద్దుల బొమ్మ అచ్చు పగలగొట్టడానికి ఇదిగో అదిగో అంటూ ఏడాది లాగావు. దీనికేంటి ఇంత తొందర? రంగు ఆరిందో లేదో, సుత్తి పట్టుకున్నావు.”

“షెడ్డులో చోటు లేదు.”

“అబ్బో, చోటు లేదట! నీ తుప్పు ట్రాక్టర్లు రెండు పెట్టుకోడానికి ఉంది కానీ!”

“లియో...”

“నిన్న గుడ్డ తీసి చూశాను. పన్నెండోదాన్ని.”

“ఎందుకు చూశావు?”

“నా కొడుకుని నేను చూసుకోకూడదా? ఒక మాట చెప్తా, బాధపడకు. మిగతా పదకొండూ వాడిలా ఉండవు. ఇన్నాళ్లూ అన్లేదు, నువ్వేమనుకుంటావోనని. పందొమ్మిదేళ్ల కుర్రాణ్ణి పట్టుకుని కదలకు, కదలకు అని పూటలకి పూటలు జీను మీద కూర్చోబెట్టావు. మొహం మాడ్చుకుని కూర్చున్నాడు వెధవ. పోస్టాఫీసు గుమాస్తాలా ఉంటాడు వాటిల్లో. ఇది అలా కాదు. గుడ్డ తియ్యగానే వాడే కనిపించాడు. ఎడమ పక్క పెదవి అలా పైకి లేచి... ‘కంచె నేను తెంపలేదమ్మా, ఆవే తెంపింది’ అనే ముందు లేచేదే, అదే! అబద్ధం ఆడబోతున్నాడని ఇట్టే తెలిసిపోయేది. ఇన్నాళ్లకి ఈ అచ్చు సరిగ్గా పోసింది ఆరిన్. ఇప్పుడా పగలగొట్టేది?”

“రంగు తేడా.”

“ఏంటీ?”

“రంగు. ఈసారి కంచుకి మంట కాస్త ఎక్కువ పట్టించి రంగు మందు చిమ్మా. ఎర్రగా తిరిగింది. అందుకని అలా కనిపిస్తోంది.”

“రంగుకి పెదవి వంకర తిరుగుతుందా?”

“వెలుగు పడే తీరు కూడా...”

“ఇన్నేళ్లూ అచ్చులో పోసే మైనం నేనే కరిగించా, ఆ మైనం బొమ్మే కదా తర్వాత కంచయ్యేది. నాకు చెప్తున్నావా రంగు గురించి? అవునూ, ఈసారి నన్ను మైనం గదిలోకి ఎందుకు రానివ్వలేదు? జలుబు చేసింది, పొగ పడదన్నావు. నాకెక్కడ జలుబు?”

“ఆరిన్ గారూ! లోపలున్నారా? నేను, హాలిస్‌ని. బల్ల వేయించా, సుత్తి పెట్టా, రబ్బరు కొయ్యడానికి కత్తి పెట్టా. డాక్టరుగారు వాచీ చూసుకుంటున్నారు.”

“వస్తున్నాం హాలిస్.”

“రావట్లేదు హాలిస్!”

“అలాగా... అయితే ఇంకో ముక్క ఆపిల్ పై తినమంటానండీ.”

“వెళ్లాడు. ఇదిగో ఆరిన్, చివరిసారి అడుగుతున్నా. అచ్చు విప్పు. లోపలికి చెయ్యి పెట్టి ఆ మొహం తడుముకుంటా. అంతే. తర్వాత తలుపు తీసేస్తా, నీ ఇష్టం వచ్చింది చేసుకో.”

“వద్దు.”

“తడుముకుంటానన్నా, ఎత్తుకుపోతానన్లేదు.”

“వద్దు లియో. దణ్ణం పెడతా.”

“ఎందుకొద్దు? ఎందుకొద్దో చెప్పు!”

“అందులో మొహం లేదు.”

“...ఏమన్నావు?”

“లేదు. రబ్బరు చిరిగిపోయింది. చెంప, ముక్కు కింద, పెదాలు. పన్నెండోదానికి మైనం పోసి విప్పితే టోపీ వచ్చింది, మెడ రుమాలు వచ్చింది. మధ్యలో ముద్ద.”

“ఎలా చిరిగింది?”

“పాతబడింది.”

“పాతబడితే రబ్బరు పగుళ్లిస్తుంది. ఊడి రాదు. వేడి మీద మైనం లాగితేనే ఊడొస్తుంది.”

“పాతబడిందన్నానుగా.”

“నా కళ్లలోకి చూసి చెప్పు.”

“తలుపు తియ్యి లియో.”

“నీకు తెలుసు. నేను దొంగచాటుగా ఈ అచ్చు దగ్గరికి వెళ్తానని నీకు తెలుసు.”

“నాకేం తెలీదు.”

“వాడి పుట్టినరోజుకి వెళ్లేదాన్ని. మొహం వరకే మైనం పూసి, చల్లారాక తీసి, చెంపకి చెంప ఆనించుకుని, మళ్లీ గిన్నెలో కరిగించేసేదాన్ని. ఈ ఏడు ఆగలేకపోయా ఆరిన్. చల్లారనివ్వలేదు. వేడిగా ఉండగానే లాగేశా. ఏదో అడ్డంపడ్డట్టు అనిపించింది, ఏడుపులో చూసుకోలేదు. నేనే చింపాను. నా బిడ్డ మొహం నేనే చింపుకున్నా!”

“ఊరుకో. ఊరుకో లియో.”

“నీకెలా తెలిసింది?”

“మైనం గిన్నెలో రబ్బరు ముక్క దొరికింది.”

“మరి తిట్టలేదేం? ఒక్క మాటైనా అన్లేదేం?”

“ఏమని తిట్టను? నువ్వు వాడి మొహం కోసం వెళ్లావు. నేనూ రావాల్సింది. నాకు ధైర్యం చాల్లేదు. ఆ ఫొటోలు చూస్తే ఊపిరాడేది కాదు, అందుకే దించేశా. అచ్చు విప్పితే చిరుగు నీకు కనిపిస్తుంది. కనిపిస్తే నువ్వు తట్టుకోలేవు. నీకు తెలిసేలోపే పగలగొట్టేద్దామని... ఇంత గోల చేస్తావనుకోలేదు.”

“ఆగు. మొహం ముద్దగా వస్తే మరి పన్నెండోది? ఆ పెదవి?”

“మైనం ముద్ద మీద నేనే దిద్దాను.”

“దేన్ని చూసి? ఫొటోల పెట్టె తాళం నా దగ్గరుంది కదా!”

“దేన్నీ చూళ్లేదు. కళ్లు మూసుకున్నా. ‘కంచె నేను తెంపలేదు నాన్నా’ అంటూ వచ్చాడు. చేతులు వాటంతటవే పోయాయి. టల్లీ... టల్లీ అలాగే నవ్వేవాడు కదా? నేనేం తప్పు చెయ్యలేదు కదా?”

“...వాడే. అచ్చంగా వాడే. నాలుగేళ్లూ వాణ్ణి లోపల పెట్టుకుని కూర్చున్నావా ముసలాడా? నేను నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను!”

“అంటే అన్నావులే. ఇప్పుడు ఆ డాక్టరుకి చెప్పాలి. పన్నెండూ ఒకటేనని సంతకం పెట్టా. ఇది వాటిలా లేదు. వద్దంటాడేమో.”

“వద్దంటే మనింటికొస్తుంది.”

“అవును.”

“వద్దంటే బావుణ్ణు.”

“నేనూ అదే అనుకుంటున్నా. కానీ వాడు వదలడు. మంచి కన్నుంది వాడికి.”

“నువ్వు బొమ్మలు దిద్దే ఆ నూనె మట్టి ఇంకా ఉందా?”

“అటక మీదుంది. రాయిలా గట్టిపడి ఉంటుంది.”

“పొయ్యి పక్కన పెడితే మెత్తబడుతుందిగా?”

“పడుతుంది.”

“ఇంటికెళ్లగానే దింపు. పద, తలుపు తీశాను. ఆ అచ్చు నువ్వొక పక్క పట్టుకో, నేనొక పక్క పడతా.”

“హమ్మయ్య, వచ్చారా! లియోటా గారూ, మీరిటు కుర్చీలో కూర్చోండి, అది పగలడం చూడటం మీకు కష్టమవుతుంది. ఆరిన్ గారూ, ఇదిగోండి సుత్తి.”

“ఆయనకి కాదు హాలిస్. నాకివ్వు.”