నెమళ్ళ కవర్లు

తార్నాకలో ఆ ఇంటి హాల్లో స్పీకర్లన్నిటికీ మఖమల్ కవర్లు, వాటి మీద చేత్తో కుట్టిన నెమళ్ళు. లాలాపేట నుంచి వచ్చిన మెకానిక్ వాటి ముందు కూర్చున్నాడు. ఇంటావిడ పక్కనే నిలబడింది.

“ఏ పాట పెట్టినా నోట్లో ముద్ద పెట్టుకుని పాడుతున్నట్టుంది బాబూ. నువ్వు నాలుగో మెకానిక్‌వి.”

“నెమళ్ళు మస్తున్నయమ్మా! మీరే కుట్టిన్రా?”

“నేనే. దుమ్ము దూరకుండా లోపల దళసరి లైనింగ్ కూడా వేశాను.”

“ఈకలు సుత ఎంత సక్కగ కుట్టిన్రు! ఒక కవర్ తీసి, నోటికి అడ్డం పెట్టుకొని ఊదున్రి. అవుతల చెయ్యి పెట్టున్రి. గాలి తగుల్తున్నదా?”

“లేదే... అయ్యో, గాలే రాకపోతే పాటెలా వస్తుంది!”

“పల్చటి జాలీ గుడ్డ మీద కుట్టున్రి. నెమళ్ళు ఉంటయి, పాటా వస్తది.”

“అంతకుముందు వచ్చిన ముగ్గురూ ఈ మాట చెప్పలేదేం?”

“సారు చెప్పనియ్యలేదేమో అమ్మా. ఇప్పుడు గూడ యూనివర్సిటీ క్యాంపస్‌ల వాకింగ్‌కు పోతూ నన్ను గేటు కాడ ఆపిండు. ‘రెండు నెలలు కూర్చుని కుట్టింది, కవర్ల మాటెత్తకు’ అన్నడు.”

“ఆయన అలా అన్నారా! మరి నువ్వెందుకు చెప్పావు?”

“నేనేడ చెప్పినమ్మా? మీరే గద ఊదిన్రు.”