పదకొండో చొక్కా

రంగూన్, బోటాటౌంగ్. 1988 ఆగస్టు, మధ్యాహ్నం. రేవు దగ్గర రెండు గదుల ఇంట్లో డెబ్బై ఎనిమిదేళ్ళ సూరి, అతని అన్న బుల్లియ్య మనవరాలు తార.

"ఆ గడియ తీసీయే తల్లీ."

"లూటీలవుతున్నాయి చిన్నతాతా. వీధిలో అందరూ గడియలేసుకుని కూర్చున్నారు."

"ఏసుకోనీ. మనింట్లో వద్దు. తీసీయ్."

"పుట్టినప్పట్నుంచీ ఇదే మాట నీది. తీశాను, సరేనా? ఇంక లేచి లుంగీ మార్చుకో. నాలుగింటికి సైనిక ప్రభుత్వం మీద మా విద్యార్థుల సభ. మైకులో నీ పేరు చెప్పేశారు."

"ఎవులు సెప్పమన్నారు?"

"నేనే."

"నన్నడక్కండా?"

"అడిగితే ఒప్పుకుంటావా ఏటి? మా కాలేజీ పిల్లలంతా ఎదురుచూస్తున్నారు. పంతొమ్మిదొందల ముప్పైలో కాలేజీ ఫుట్‌బాల్ కెప్టెను, అల్లర్లలో కూలీలని కాపాడిన సూరి వస్తాడని. బర్మా పిల్లలే ఎక్కువడుగుతున్నారు."

"మోకాళ్ళు నొప్పి."

"సైకిల్ రిక్షా మాట్లాడాను."

"గొంతు పలకదు."

"నాతో బాగానే పలుకుతోంది. మాకు చెప్పినట్టే చెప్పు. ఆ సీజనులో ఏడాటలు గెలిచారు కదా, వట్టికాళ్ళతో. ఆఖరాటలో తెల్లవాళ్ళ పటాలం జట్టు. అక్కణ్ణించి మొదలెట్టు."

"ఏడు కాదు, ఆరు. ఒకటి సమానం. ఆఖరాట వేళకి అకాలం వాన కురిసింది. ఆళ్ళ బూట్లు జారీవి, మా కాళ్ళు జారనేదు. అంతే, మా గొప్పేటీ నేదు."

"ఒక్క గోలు. నువ్వే కొట్టావు."

"బంతి అందించినోడు కో థాన్, మా జట్టులో బర్మావోడు. మైదానం అడ్డంగా తన్నుకొచ్చి నా కాలికాడ ఎట్టినాడు. ఆణ్ణెవులూ ఎత్తుకోనేదు. నన్నెత్తుకున్నారు."

"బుజాలమీద ఎక్కించుకుని సూలే పగోడా దాకా తిప్పారట."

"తిప్పినారు."

"తర్వాత రెండు నెలలకి రేవులో కూలీల సమ్మె. మన తెలుగువాళ్ళ బదులు బర్మావాళ్ళని పెట్టుకున్నారు, సమ్మె అవగానే వాళ్ళని పొమ్మన్నారు. దాంతో కత్తులు లేచాయి."

"ఆళ్ళ కడుపులూ కాలినాయి, మనోళ్ళ కడుపులూ కాలినాయి. దొరలు మేడమీంచి సూసినారు."

"ఇదే, ఈ మాటే చెప్పమంటున్నాను అక్కడ."

"నువ్వు సెప్పు. నాకన్నా నీకే బాగొచ్చు."

"నేను అక్కడ లేను కదా. ఆ రోజు మీ కూలీల గదిలో ఎంతమంది ఉన్నారు?"

"ఇరవైమందిమి. మా అమ్మనీ, మీ మామ్మనీ, మూణ్నెల్ల గుంటడు మీ నాన్ననీ పొద్దున్నే ఏరు దాటించి దలా అంపీసినాం. మళ్ళీ పడవ దొరికీలోగా వీధి సివర మలుపుకాడ కత్తులతో బర్మావోళ్ళ మూక నిలబడిపోనాది."

"కాలేజీకి సెలవులని జట్టు చొక్కాలు ఉతికి మీ అమ్మ పెట్టెలో పెట్టింది. పచ్చచారల చొక్కాలు, పదకొండు. ఊళ్ళో ఆ చారలు తెలియనివాళ్ళు లేరు. ఎవరు తొడుక్కుంటే వాళ్ళే జట్టు, మూక వదిలేస్తుంది. నువ్వు పెట్టె తెరిచి..."

"ఏరినాను."

"కెప్టెనువి కదా మరి."

"జట్టుని ఏరితే మిగిలినోడు గట్టుమీద కూకుంటాడమ్మా. సచ్చిపోడు."

"పదిమంది బతికారు తాతా. ఇక్కడ మిగిలిన అచ్చెన్నగారి మనవలు, లింగరాజుగారి ఇంటివాళ్ళు, ఇప్పటికీ నీ పేరు చెప్పుకునే దీపం పెడతారు."

"పెట్టొద్దని సెప్పు."

"పెద్దతాత గురించా? అది అందరికీ తెలిసిందేగా. ఆయన దాకా వచ్చేసరికి చొక్కాలు అయిపోయాయి."

"ఎవులు సెప్పినారు అయిపోనాయని?"

"నువ్వే."

"పది ఇచ్చీసినాను. ఒకటి మిగిలింది. పెట్టెకాడ మీ పెద్దతాతా నానూ నిలబడ్డాం."

"ఇదెప్పుడూ చెప్పలేదు."

"బస్తాలు మోసి నన్ను కాలేజీలో ఎట్టినోడు మా అన్నయ్య. 'కెప్టెను నేకపోతే జట్టేటిరా సూరీ, తొడుక్కో' అన్నాడు. తొడుక్కున్నాను."

"ఆయనే అన్నాడుగా."

"'బయట తాళం ఎయ్యి, లోపల ఎవులూ నేరనుకుని పోతారు' అన్నాడు. అదీ ఏసినాను. లోపల తొమ్మిదిమంది."

"అందుకా, గడియ..."

"మూడోనాడు తిరిగొచ్చి సూసినాను. తాళం గుమ్మానికి అలాగే ఉంది. తలుపు నేదు."

"నిద్రలో 'తీస్తన్నానన్నయ్యా' అంటావు. చిన్నప్పుడు నాకు భయమేసేది."

"లోపల్నుంచి కొడతాడమ్మా. కొట్టని రాత్రి నేదు."

"అరవై నాలుగులో మనవాళ్ళు చాలామంది ఓడెక్కి ఊరెళ్ళిపోయారు. నువ్వు కదల్లేదు, నిన్నొదిలి నాన్నా కదల్లేదు. ఆ తర్వాత వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం లేదు, కబురు లేదు. ఎందుకు ఉండిపోయావని నాన్న ఎన్నిసార్లు అడిగాడో."

"అన్నయ్యని ఒకసారి ఒగ్గీసెల్లాను. రెండోసారెలా ఎల్తాను?"

"తాతా, ఇలా చూడు. మిగిలింది ఒక్క చొక్కా. మీరిద్దరు. ఎవరో ఒకరు ఉండిపోవాలి. నీ తప్పేం లేదు. నేనే స్టేజీ ఎక్కి చెప్తాను. బుల్లియ్య మనవరాలిని, నాకు ఈయన మీద కోపం లేదని."

"ఆ మాట అనకు. మలుపుకాడ మూక మమ్మల్ని ఆపినప్పుడు ఏటయిందో ఇన్నాక అను."

"ఆపారు. చొక్కాలు చూసి వదిలేశారు."

"ఎనకున్న పదిమందివీ సొక్కాలు సూసినారు. నాది మొకం సూసినారు. 'మన కెప్టెనురా' అని బుజం మీద సెయ్యేసి నవ్వినారు. నా సొక్కా కేసి ఒక్కడూ సూడనేదు."

"అంటే..."

"నాను గోసితో ఎల్లినా ఒగ్గీసుందురు. ఊరంతా బుజాలమీద తిప్పింది ఈ మొకాన్నే."

"అప్పుడు ఆ చొక్కా పెద్దతాతకి..."

"సరిపోయుండును. ఇద్దరిదీ ఒకటే కొలత."

"కాదు తాతా, ఆగు. అది నీకు మలుపు దగ్గరికెళ్ళాక తెలిసింది. ముందెలా తెలుస్తుంది? చెప్పు. అక్కడికెళ్ళాకే కదా తెలిసింది?"

"నేదు తల్లీ. తొడుక్కున్నప్పుడే తెలుసు."