నురగ పోయిన సీసా

(నాంపల్లిలో ఒక అద్దె వాటా. క్రిస్మస్ నాటి సాయంత్రం. వంటింట్లో కోటేశ్వరమ్మ. ఇంటి యజమానురాలు విద్యావతి గాజు గ్లాసులు పట్టుకుని వచ్చింది.)

“ఆగాగు! గడప తొక్కకు విద్యావతీ, దాటి రా. పసుపు తడిగా ఉంది.”

“గీ యాల్టిదాంక తడేంది వదినా? దాటిన తియ్. గివిగో గ్లాసులు. మా ఆడబిడ్డ పెండ్లిల షర్బత్ పోసినయి. జర పైలం, పగులుతయి.”

“పగిలితే గ్లాసే కదా. ఆ బిరడా ఎగిరొచ్చి అల్లుడి కంట్లో పడితే? నాకు రాత్రంతా అదే. నిద్ర లేదు. అందుకే...”

“అందుకే?”

“ఏం లేదులే.”

“చెప్పరాదు.”

“పొద్దున్నే తీసేశాను.”

“ఏంది తీసినవ్?”

“బిరడా. లోపల గ్యాసు ఉంటుందన్నావుగా. పోతే పోయిందని కిటికీలో పెట్టాను. ఈగలు పడకుండా గుడ్డ కట్టాన్లే.”

“అయ్యో వదినా! గా గ్యాసే గద అసలు సంగతి! షాంపేను సీసా కావాలంటివని మా ఆయన హోటల్ల ఎవర్నెవర్నో బతిమిలాడి తెచ్చిండు. గిట్ల చేస్తివి!”

“కన్ను పోతే నువ్వు తెచ్చిస్తావా? మా గుంటూరు వైపు మద్యనిషేధం, ఇలాంటి సీసా ఇంట్లో కనిపిస్తే పోలీసులు లాక్కెళతారు. తెచ్చిన దగ్గర్నుంచీ బియ్యం డబ్బాలో దాచాను.”

“గీడ గట్ల లేదు. ఎవ్వరడగరు. ఏదీ, ఇటు తే... ఉహూ. బుడగ లేదు, పాడు లేదు. పుల్లనీళ్లు.”

“మరిప్పుడెలా? వాళ్ళ పండక్కి అది లేకపోతే ఎలా? వచ్చే వేళయింది.”

“ఎన్నింటికొస్తమన్నరు?”

“నారింజ రసం తీసి వడకట్టాను. ఒక్క గింజ లేదు. గ్లాసు అడుగున పటికబెల్లం పలుకు. దాని మీద వేలెడు రసం. ఆ పైన సీసాలోది. గ్లాసు వంచి పొయ్యాలి, మెల్లగా.”

“ఎవరు చెప్పిన్రు నీకు గిదంత?”

“కమలే. పోయినేడు ఫ్రాన్సిస్ వాళ్ళింటికి పోయొచ్చి ఆ పీట మీద కూర్చుని చెప్పింది. అప్పటికింకా పెళ్ళి మాట లేదు. బుడగలు పైకి లేస్తుంటే చూడాలమ్మా అంది. నోర్ముయ్యమన్నాను.”

“నోర్ముయ్యమన్న మనిషికి పటికబెల్లం పలుకు దాంక యాదికున్నదా?”

“అది చెప్పినవన్నీ ఉన్నాయి.”

“సరె, ఫికర్ చెయ్యకు. కింద రాజయ్య దగ్గర గోలీసోడా తెప్పిస్త. పైనుంచి పోస్తే బుస్సుమని లేస్తది. ఎవ్వరికెరుకైతది?”

“ఫ్రాన్సిస్‌కి తెలియదూ? నవ్వుతాడు.”

“నవ్వనియ్. అల్లుడు అత్తింట్ల నవ్వక యాడ నవ్వుతడు?”

“నవ్వినా బాగానే ఉంటుంది విద్యావతీ. మీ అన్నయ్య పోయాక ఈ ఇంట్లో నవ్వేది కమల ఒక్కతే. ఇప్పుడు నేను దగ్గితే నాకే ఉలికిపాటు... అదేమిటి? రిక్షా కదూ? చూడు, చూడు!”

“పక్కింటోళ్లకొచ్చింది.”

“దారిలో ఏమైనా అయిందేమో. అబిడ్స్‌లో ఇవాళ జనం, బస్సులు. అది అటూ ఇటూ చూసి దాటే పిల్ల కాదు.”

“వాళ్లుండే చాపెల్ రోడ్డు నుంచి గీడికి అబిడ్స్ మీదికెళ్లి ఎందుకొస్తరు? నాలుగు సందులాయె. మా ఆయన్ను పంపుత, ఎదురు పోయి తోల్కొస్తడు.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“వద్దంటే వద్దు. వాళ్ళే వస్తారు.”

“గందుకే అడుగుతున్న, ఎన్నింటికి?”

“పులిహోర మీద మూత పెట్టు, ఎండిపోతుంది.”

“పెట్టిన. వదినా, ఇటు చూడు. అసలు వస్తమన్నరా?”

“పండగ కదా.”

“పిలిచినవా?”

“కన్నకూతుర్ని పుట్టింటికి పిలవడమేమిటమ్మా? పిలుపులు పరాయివాళ్ళకి.”

“కొత్తల్లున్ని గూడ పిలవరా మీ దిక్కు?”

“ఆ గ్లాసులు ఇటివ్వు, తుడుస్తాను.”

“పెండ్లి చేసుకొని దండలతోనొచ్చిన్రు. గీ మెట్ల మీదనే నిలబడ్డరు. నా గడప తొక్కొద్దంటివి. నేను ఇన్న.”

“అన్నాను.”

“గా మాట వాపస్ తీసుకున్నవా? ఒక్కసారన్న పోయి చెప్పినవా?”

“ఆ గడపకే విద్యావతీ... పొద్దుట్నుంచీ, ఆరినప్పుడల్లా, పసుపు రాస్తూనే ఉన్నాను.”