కరెంటుతో మాట్లాడే వేలు

"మీటరెందుకమ్మా, ఇదుగో ఈ వేలుండగా!" అని మోటార్ల మెకానిక్ జక్కయ్య కుడిచేతి చూపుడువేలు పైకెత్తాడు.

పిడుగురాళ్ల బైపాస్ పక్కన హబీబ్ టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్న పుల్లమ్మ ఆ వేలు వంకే చూసింది. ఆమె రెండెకరాల మిరపతోట పూత మీదుంది. బోరు మోటారు నిన్నటి నుంచి తిరగటం లేదు. మోటారు కాలిపోయింది, పైకి లాగాల్సిందేనని జక్కయ్య పొద్దున తేల్చేశాడు. లాగి, వైండింగ్ చేయించి, మళ్ళీ దించేసరికి నాలుగు రోజులు పడుతుంది. అప్పటికి పూత మొత్తం రాలిపోతుంది. మోటార్లు లాగే బండి సుధీర్ బాబుది. ఆమె ఊ అంటే బయల్దేరదామని అతనూ టీ తాగుతున్నాడు.

"ఊరికే అన్లేదు పుల్లమ్మా. ఈ వేలు ముప్పై ఏళ్ళుగా కరెంటుతో మాట్లాడతంది. మొట్టమొదట సత్తెనపల్లిలో, మా మేనత్త వాళ్ళింట్లో, ఆమె ఇప్పుడు లేదులే పాపం, చానా మంచిది, ఆళ్ళ గీజరు వైరు మీద ఇట్టా ఆనిచ్చా. రెండొందల ముప్పై ఓల్టు, పది ఆంపు అంది వేలు. ఓల్టుని ఆంపుతో భాగిస్తే ఓములు, ఇరవై మూడు. ఓల్టుని ఆంపుతో గుణిస్తే వాట్లు, రెండువేల మూడొందలు. లెక్కంటే అంతే. గీజరు తిప్పి చూస్తే ఏం రాసుందో తెలుసా? రెండువేల మూడొందలు!"

"అబ్బ! అచ్చంగా అంతేనా బాబాయ్?" అన్నాడు హబీబ్, పాలు కలపటం ఆపి.

"అదేముందిరా హబీబూ. ఈడే ఒక రాళ్ళ క్రషర్లో పెద్ద మోటారు మొరాయించింది. నలుగురు ఇంజనీర్లు, నాలుగు మీటర్లు. నేను తువ్వాలు దులుపుకుని పోయి కేబుల్ మీద వేలు పెట్టా. నాలుగొందల నలభై ఓల్టు, రెండొందల ఇరవై ఆంపు. రెండు ఓములు, తొంభై ఆరువేల ఎనిమిదొందల వాట్లు. ఆళ్ళ మీటర్లూ అదే చెప్పినయ్. నేను ఊరుకుంటానా? ఒక్క వాటు ఎక్కువ పోతందయ్యా, ఎతకండి అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కేబుల్ కింద మిణుగురు పురుగు కూర్చునుంది, పట్టపగలు కరెంటు తాగతా!"

"మిణుగురు పగలు ఎలుగుద్దా మావా?" అన్నాడు సుధీర్ బాబు.

"కరెంటు తాగితే నువ్వు కూడా ఎలుగుతావ్. ఇను. పోయినేడు మాచర్ల అవతల గాలివానకి తీగ తెగింది. మామూలు తీగ కాదు, ముప్పై మూడు వేల ఓల్టుది. ఊళ్ళో ఎవరికో ఆపరేషన్ జరగతందంట, డాక్టరు చేతిలో కత్తుంది, కరెంటు లేదు. ఏం చెయ్యాలి? ఈ కొస ఈ చేత్తో, ఆ కొస ఆ చేత్తో పట్టుకుని నిలబడ్డా!"

"ఓయమ్మో!" పుల్లమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"నూరు ఆంపులు పారతన్నయ్ నాలోంచి. గుణించు, ముప్పై మూడు లక్షల వాట్లు! మాచర్ల మొత్తం నా రొమ్ములోంచే పోతంది. ఎవరింట్లో గ్రైండరేసినా ఎడం భుజం అదురుద్ది, ఎవరు ఫ్యాను ఆపినా కుడి చెవి చల్లబడుద్ది. ఊపిరి బిగబట్టి ఒంట్లో ఓముల్ని సున్నాకి దించుకున్నా గానీ, లేకపోతే మాడిపోనూ? లైన్‌మెన్లు వచ్చేసరికి రెండు గంటలు. మధ్యలో ఒక్కసారి తుమ్మొచ్చింది. ఊరంతా లైట్లు ఆరి ఎలిగినయ్, అడుగు కావాలంటే."

పుల్లమ్మకి నిజంగానే ఒళ్ళు జలదరించింది. ఇంత మనిషా పొద్దున తన చేలోకి వచ్చిందీ, తన వైరు ముట్టుకుందీ అనుకుంది. పొయ్యి మీద పాలు పొంగి కారుతున్నా హబీబ్ చూసుకోలేదు.

"అది చిన్నదిలే. మొన్న వానలప్పుడు సున్నం బట్టీల దగ్గరున్నా. నెత్తిమీద పిడుగు దిగతంది. పది కోట్ల ఓల్టు, ఇరవై వేల ఆంపు. అది మబ్బుకీ నేలకీ మధ్యలో ఉండగానే భాగించేశా, ఐదు వేల ఓములు. గుణించా, రెండు లక్షల కోట్ల వాట్లు. నా లెక్క అయ్యేదాకా పిడుగు గాల్లో ఆగింది, తెలుసా? అప్పుడు వేలు చూపించి అటు పో అన్నా. పోయి బట్టీలో పడింది. ఆర్నెల్ల సున్నం అర సెకనులో కాలి తయారైపోయింది. లారీలు చాలక రైలు తెప్పించారు!"

సుధీర్ బాబు గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఇంకేం ఆలోచిస్తావక్కా? పిడుగుని ఆపిన చెయ్యి చెప్పింది. బండి తీస్తన్నా."

"ఒక్క మాట తమ్ముడూ." పుల్లమ్మ జక్కయ్య వైపు తిరిగింది. "తప్పుగా అనుకోమాక జక్కయ్యన్నా. నాకు తెలవక అడగతన్నా. పొద్దున నా మోటారు వైరు మీద వేలు పెట్టి ఎంతన్నావు?"

"నాలుగొందల ఇరవై ఓల్టు, నలభై ఆంపు. పదిన్నర ఓములు. పదహారు వేల ఎనిమిదొందల వాట్లు తాగతంది. ఐదు హెచ్‌పీ మోటారు అంత తాగిందంటే లోపల కాలినట్టే. ఇందులో తిరుగులేదు."

"అది కాదన్నా. అప్పటికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్చి దించేసుంది. ఫీజు ఒకటి కాలితే కొత్త తీగ చుడదామని మూడూ పీకి నేనే తెచ్చుకున్నా. నువ్వు వైరు పట్టుకున్నప్పుడు మూడూ నా ఒళ్ళోనే ఉన్నయ్. మోటారే పోయిందంటివి గదా అని మళ్ళీ పెట్టనే లేదు."

సుధీర్ బాబు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. జక్కయ్య దగ్గాడు. హబీబ్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"ముందు ఫీజులు పెట్టి చూస్తాలే తమ్ముడూ, బండి వద్దు" అని పుల్లమ్మ లేచి రెండడుగులు వేసి ఆగింది. ఆమె మొహంలో ఎగతాళి లేదు, ఇంకా ఆ ఆశ్చర్యమే ఉంది. "నిజంగా తెలుసుకుందామనే అడగతన్నా అన్నా. ఓల్టు సున్నా, ఆంపు సున్నా. సున్నాని సున్నాతో భాగిస్తే నీకు పదిన్నర ఎట్టా వచ్చింది?"