లారీ చింత కింద పలికేవాడు

కాలవ లాకులు దాటాక ఎడమపక్కన ఉండే చింతచెట్టు తెలుసుగా మీకు? లారీ చింత అంటాం. విరగ్గాస్తుంది, కానీ ఒక్కళ్ళూ ఏరుకోరు, కాయ రాలిన చోటే కుళ్ళిపోతుంది. దారంతా గలగలా మాట్లాడుకుంటూ నడిచే ఆడవాళ్ళు కూడా ఆ నీడలోకి రాగానే కిమ్మనరు, నీడ దాటేదాకా ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకోరు. పొరుగూరివాళ్ళు మనల్ని చూసి పిరికివాళ్ళంటారు. అననీండి. భయం ఉంది, లేదనను, కానీ భయం కంటే ముందు సిగ్గుంది. ఆ సిగ్గు సంగతి చెప్తాను, జరిగి కూర్చోండి, మధ్యలో లేచి వెళ్ళే పనైతే ఇప్పుడే వెళ్ళండి.

తెల్లదొరల కాలంలో, ఆ పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో, పాలూరి వారింట్లో భద్రయ్య అని ఒకడుండేవాడు. ఇంటి నిండా పాడి, ఒళ్ళు వంచే అవసరం లేదు, నోరు మాత్రం ఊరంత. యుద్ధపు ఓడల్లోకి మనుషుల్ని చేర్చుకుంటున్నారంటే, స్నేహితుల ముందు తగ్గడం ఇష్టంలేక తాలూకా ఆఫీసుకెళ్ళి పేరు రాయించుకొచ్చాడు. వచ్చాక ఎన్ని గొప్పలు కోశాడని! తెల్లబట్టలేసుకుని నేను ఓడ మీద నిలబడతాను, మీరు ఒడ్డున నిలబడి చూద్దురుగాని అన్నాడట. పేరు రాయించుకోడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? అసలు కష్టం లారీ వచ్చిన రోజున కదా!

ఆ లారీ వచ్చి ఆ చింతచెట్టు కింద ఆగింది. ఊరంతా అక్కడే ఉంది. భద్రయ్య పెట్టె నెత్తిన పెట్టుకుని వెనకాల వచ్చినవాడు గన్నియ్య, పాలెంలో చేపలు పట్టేవాళ్ళ కుర్రాడు. తల్లీ తండ్రీ లేరు వాడికి, అక్క మరిడమ్మ ఎండుచేపల గంపతో ఊళ్ళు తిరిగి పెంచింది. భద్రయ్యా గన్నియ్యా చిన్నప్పట్నించీ కాలవలో కలిసి ఈదినవాళ్ళే, అయితే ఏం, ఇంటికొచ్చాక ఒకడు అరుగు మీద, ఒకడు వాకిట్లో. సరే, లారీలోంచి ఒక జవాను దిగి, పాలూరి భద్రయ్య అని గట్టిగా పిలిచాడు, పిలిచేసరికి భద్రయ్యకి నోరు పెగల్లేదు. గన్నియ్యని చెట్టు వెనక్కి లాక్కెళ్ళి, వాడి రెండు చేతులూ పట్టుకుని, నువ్వెళ్ళరా, నీకు నీళ్ళు కొత్తా ఏంటి, నేనైతే చచ్చిపోతానురా అని ఏడ్చాడు. జవాను మళ్ళీ పిలిచాడు. గన్నియ్య ఒక్క క్షణం భద్రయ్య మొహంలోకి చూసి, సర్లెండి బాబూ, ఓడ ఎలా ఉంటుందో చూసొస్తాను అని, బయటికొచ్చి "ఆఁ" అన్నాడు. అని ఆ పెట్టెతోనే లారీ ఎక్కేశాడు. వాడు భద్రయ్య కాడండీ అని ఊళ్ళో ఒక్కడూ అనలేదు. పెద్దింటి పిల్లాడు గట్టెక్కాడు కదా, మనకెందుకులే అనుకున్నారు.

అలా గన్నియ్య భద్రయ్య పేరుతో ఓడలో చేరాడు, చేరి పనిమంతుడనిపించుకున్నాడు. వాడిది సముద్రంలో శత్రువులు వదిలిన బాంబులు ఏరే ఓడట. రెండు ఓడలు పక్కపక్కన వెళ్తూ నీళ్ళలో ఇనపతాడు లాగుతాయట, మన పాలెం వాళ్ళు రెండు కొసలూ పట్టుకుని అలివి వల లాగినట్టే, అందుకని వాడికి వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది. ఒకసారి సెలవు మీద ఊరొచ్చి ఇదంతా చెప్పాడు. పాలూరి వారు రారా రారా అని పిలిచి, ఆకు వేసింది మాత్రం మళ్ళీ వాకిట్లోనే. ఓడలో అందరితో ఒక బల్ల దగ్గర కూర్చుని తిన్నవాడు, వాకిట్లో కూర్చుని తిని లేచాడు. భద్రయ్య అరుగు మీద కూర్చుని అదంతా చూశాడు, అయినా లేచొచ్చి పక్కన కూర్చోలేదు.

వెళ్ళిపోయే రోజున కాలవ గట్టున గన్నియ్య ఒక్కటే అడిగాడట. యుద్ధం అయిపోయాక నా పేరు నాకిప్పించండి బాబూ, పదిమందిలో ఒక్కసారి చెప్పండి చాలు, ఓడకెళ్ళింది గన్నియ్య అని, మా అక్క నా తమ్ముడని గొప్పగా చెప్పుకోవాలనుకుంటోంది, చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోతోంది అన్నాడు. భద్రయ్య వాళ్ళమ్మ మీద ఒట్టేసి, చెప్తానురా అన్నాడు.

ఆ మాట తీసుకునే గన్నియ్య వెళ్ళాడు. బర్మా వైపు సముద్రంలో ఓడ కింద బాంబు పేలి రెండు ముక్కలైంది. ఈత రానివాళ్ళని ఒక్కొక్కణ్ణీ లాక్కొచ్చి తెప్పకి పట్టిస్తూ, ఇంకొకడున్నాడని మళ్ళీ వెళ్ళాడట, అంతే, మరి రాలేదు. శవం కూడా దొరకలేదు.

టెలిగ్రాం ఎవరింటికొచ్చింది? పాలూరి వారింటికే. మీ అబ్బాయి భద్రయ్య యుద్ధంలో పోయాడని. తాలూకా నించి మనుషులొస్తున్నారని తెలిసి భద్రయ్యని ధాన్యం గాదెలో దాచారు, నిజం తెలిస్తే ఇంటిల్లిపాదికీ జైలే అని. వాళ్ళమ్మ బతికున్న కొడుకు కోసం గుండెలు బాదుకుని ఏడ్చింది, ఏడుస్తుంటే భద్రయ్య గాదెలో కూర్చుని విన్నాడు. అయినా భద్రయ్యని లోపల చంపింది అది కాదు. వాకిట్లో చేపల గంపతో మరిడమ్మ నిలబడుంది, నువ్వు ఏడిస్తే అనుమానం వస్తుంది, ఏడవకే అని పాలూరి పెద్దాయన ముందే చెప్పి ఉంచాడు. ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. వచ్చినవాళ్ళలో ఒకాయన, ఈవిడెవరు అని అడిగితే, చేపలమ్ముకునేదిలెండి అన్నారట. గాదె సందులోంచి భద్రయ్య అదంతా చూశాడు. తోబుట్టువు పోతే ఏడవనివ్వని ఊరు ఎక్కడైనా ఉందా? ఉంది. మనదే.

ఆ తర్వాత మొదలైంది. సాయంత్రం భద్రయ్య పొలంలో ఉంటే, వాళ్ళమ్మ గట్టు మీద నించి, ఒరే భద్రం అని పిలిచేది. భద్రయ్య నోరు తెరిచేలోపే చింతచెట్టు కింద నించి "ఆఁ" అని వినపడేది. మనిషి కనపడడు. ఎవరు పిలిచినా అంతే, ఊళ్ళో ఆ పేరుకి ముందు ఆ చెట్టు పలికేది. దాంతో భద్రయ్యని పేరు పెట్టి పిలవడం మానేశారు. ఏవయ్యా అనేవారు, ఇదిగో అనేవారు. తన పేరు తనకి లేకుండా పోయింది, అడగడానికి మొహం లేదు, ముందు ఇచ్చుకున్నది తనే కదా.

యుద్ధం అయిపోయాక సర్కారువారు ఆ చెట్టు కింద ఒక రాయి పాతించారు, పాలూరి భద్రయ్య, దేశం కోసం ప్రాణమిచ్చిన నావికుడు అని చెక్కించి. పెద్ద ఆఫీసరు వచ్చాడు, ఊరంతా చేరింది, వెనకాల ఎక్కడో మరిడమ్మ గంప నెత్తిన పెట్టుకుని నిలబడింది. ఈవేళ చెప్పేస్తాను, ఏమైతే అదవుతుంది అని భద్రయ్య పొద్దున్నే తలస్నానం చేసి వచ్చాడు. చచ్చిపోయినాయన తాలూకు వాళ్ళెవరని ఆఫీసరు అడిగితే ముందుకి నడిచాడు కూడా. మీరేమవుతారు అన్నాడు ఆఫీసరు. భద్రయ్య తండ్రి వైపు చూశాడు, జనం వైపు చూశాడు, నీళ్ళు నమిలాడు. నమిలి నమిలి, తమ్ముణ్ణండి అన్నాడు. అనేసరికి ఆఫీసరు వాడి మెళ్ళో దండ వేశాడు. బతికుండగా తన చావుకి తనే దండ వేయించుకున్నవాడి మొహం ఎలా ఉంటుందో మీరే అనుకోండి.

అప్పుడు ఆఫీసరు రాయి ముందు అటెన్షన్‌గా నిలబడి, మర్యాద కోసం, పాలూరి భద్రయ్య అని గట్టిగా చదివాడు.

"ఆఁ" అంది చెట్టు.

పట్టపగలు. అందరూ విన్నారు. ఎవడో ఆకతాయి అనుకుని ఆఫీసరు చుట్టూ చూశాడు, చూస్తే ఒక్కడి తలా పైకి లేదు, ఊరు ఊరంతా నేల చూస్తోంది. ఆయన విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. మరిడమ్మ గంప దించి, జనాన్ని తోసుకుంటూ చెట్టు కిందకి వచ్చింది. వచ్చి, ఒరే గన్నియ్యా అని పిలిచింది. పలకలేదు. గన్నియ్యా, నేనురా, అక్కని అని పిలిచింది. ఆకు కదల్లేదు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. ఎలా పలుకుతాడు చెప్పండి? అన్నేళ్ళూ ఆ పేరుతోనే తిన్నాడు, ఆ పేరుతోనే పనిచేశాడు, ఆఖరికి ఆ పేరుతోనే మునిగిపోయాడు. తన పేరే మర్చిపోయాడు పిచ్చినాయన.

మరిడమ్మ వెనక్కి తిరిగి భద్రయ్యని ఒక్కసారి చూసింది. తిట్టలేదు. మళ్ళీ చెట్టు వైపు తిరిగి, "భద్రయ్యా" అంది.

"ఆఁ, అక్కా" అన్నాడు.

భద్రయ్య దండ తెంపేసి మరిడమ్మ కాళ్ళ మీద పడి, ఇప్పుడే చెప్తాను, జైలుకి పోతాను అని ఏడ్చాడట. ఎవరికి చెప్తావయ్యా, సర్కారుకి చెప్తే నాకేం, వాడికి చెప్పు, వాడి పేరేంటో వాడికి చెప్పు అందట ఆవిడ. చెప్పాడు. రోజూ ఆ చెట్టు కింద నిలబడి, గన్నియ్యా గన్నియ్యా అని బతిమాలాడు. ఎవరూ పలకలేదు.

మరిడమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ సాయంత్రం చేపలమ్ముకుని వస్తూ అక్కడ గంప దించేది. తమ్ముడి గొంతు వినాలంటే వాణ్ణి పంపించినవాడి పేరే పిలవాలి. పిలిచేది. భద్రయ్యా, తిన్నావా నాయనా, చలేస్తోందా అని. ఆఁ అక్కా అని వాడు. కాలవకి ఇవతల పొలంలో, ఒకప్పుడు ఒళ్ళు వంచని భద్రయ్య, నాగలి ఆపి వినేవాడు. కన్నతల్లి కూడా ఆ పేరుని అంత ముద్దుగా పిలవలేదు, కానీ పలకడానికి తనకి హక్కు లేదు. తలొంచుకుని మళ్ళీ దున్నుకునేవాడు. ముసలాడై పోయేదాకా అంతే.

ఇప్పుడు మరిడమ్మ లేదు, పిలిచేవాళ్ళు లేరు. అందుకని చెప్తున్నాను, అటు వెళ్ళకండి. ఆ చెట్టు కిందాయన పీక పిసుకుతాడని కాదు, ఎవర్నీ ఏమీ చెయ్యడు. పొరపాటున ఆ పేరు నోట్లోంచి వచ్చిందంటే పలుకుతాడు, పలికి ఎందుకు పిలిచారండీ అని ఎదురుచూస్తాడు, అప్పుడు మీరేం చెప్తారు? చెప్పడం నా వల్ల కాదు. చుట్టూ తిరిగి చెరకు తోటల దారిన రండి, కాళ్ళు నొప్పెడితే నొప్పెట్టాయి.