నెబాహ్ రేడియోలో డిస్కు చచ్చిపోయిన రోజు

నెబాహ్ ఊరి రేడియో గదిలో, దాన్ని నడిపే పెద్దావిడ (అందరూ గౌరవంగా ‘దోన్యా’ అంటారు), తాను గెంటేసిన కంప్యూటర్ పనివాణ్ణే మళ్లీ పిలిపించుకుని, సర్వర్ పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడింది.

“ఫైళ్లు పాడయ్యాయని మరమ్మతు నడిపించాం, బాబూ.”

“డిస్కు బాగుందో లేదో చూడకుండానా? పోతున్న డిస్కు మీద మరమ్మతంటే చావబోయేవాడి నెత్తిన మూట పెట్టడమే, దోన్యా. ఇక ఏమీ రాదు.”

“యుద్ధం చూసిన అవ్వలు తమ కథలు చెప్పిన రికార్డింగులయ్యా అవి! పాడవబోతుంటే డిస్కు ముందే చెప్పదా?”

“నెలల తరబడి హెచ్చరికలు పంపింది, నా మెయిల్‌కి. నన్ను తీసేశారు గానీ అందులో నా అడ్రసు తీయలేదు.”

“చదివావా?”

“అన్నీ.”

“ఒక్క మాట చెప్పలేకపోయావా, పాపిష్టోడా?”

“గేటు దాటితే కుక్కల్ని వదుల్తానన్నారుగా. అనుభవించనీ అనుకున్నా.”

ఆవిడ చచ్చిన డిస్కు మీద చెయ్యి వేసింది.

“నువ్వు వెళ్లాక మీ అమ్మ వచ్చిందిరా. కన్నుమూసే ముందు ఇక్కడే కూర్చుని తన కథంతా చెప్పి రికార్డు చేయించింది. నీ కోపం చల్లారాక నీకు వినిపించమంది.”