రెండు కాళ్ల మాట

సంతకం పెట్టడట తల్లీ! నిన్నటి సంది డాక్టర్ కాయితం పట్టుకొని తిరుగుతుండు, ఈయనేమో మొఖం గోడ దిక్కు పెట్టుకొని పండుకున్నడు. పాదం తీసెయ్యాలె, ఇయ్యాల పొద్దుమీకేలోపల తియ్యకుంటే ఇషం మోకాలు దాటుతది, ఇగ మనిషి దక్కడని కుల్లా చెప్పిండ్రు. ఇంటడా? ఎవ్వలు చెప్పినా ఇనడు. నువ్వు చెప్తెనే ఇంటడట.

అందుకే పొద్దుగాల కరీంనగర్‌ల మొదటి బస్సెక్కి, మెట్‌పల్లి కాడ ఆటో మాట్లాడుకొని నీ గుడికి ఉరికొచ్చిన. తానం లేదు, తిండి లేదు. గట్ల సూడకు పోశమ్మా, నాకసలే యాష్టకొస్తుంది.

నా మొగడు లింగమూర్తి నీకెర్కనే గదా. పసుపు తవ్వంగ గడ్డపార కాలి మీద పడ్డది. షుగర్ ఒళ్లు, పుండు మానలే. నెల రోజులు నీ గద్దె మీది పసుపు బండారే అద్దుకున్నడు. దవఖానకు నడువమంటే, "అమ్మ మాటిచ్చింది గదనే, నా రెండు కాళ్లకు తానే కాపలా అన్నది" అంటడు. రెండు కాళ్లన్నదట! ఒక్కటి అనలేదట!

నువ్వన్నవా తల్లీ? ఎన్నడన్నవ్?

నేనన్న. ఇగ దాసుడెందుకు, నేనే అన్న. పదమూడేండ్ల కింద, గిదే గుడి ముంగట, బోనాలనాడు. ఆ ఎండకాలమే తాగొచ్చి కడుపుల తన్నిండు. నాలుగో నెల. అది నిలువలే. బోనాల నాటికి మల్ల తాగుడే, మల్ల తన్నుడే. డప్పులు మోగుతుంటే నా జుట్టు నేనే ఇప్పుకున్న. నువ్వు ఒంటి మీదికొచ్చినట్టు శిగమూగిన. "ఓరి లింగా, తాగుడు ఇడిశిపెట్టు, ఈ ఆడిదాని మీద కాలు లేపకు, నీ రెండు కాళ్లకు నేనే కాపలా" అన్న. తన్నిన కాళ్లే కండ్లల్ల మెదుల్తుంటే ఇంకేం మాటొస్తది నోటికి?

ఊరంతా సాగిలపడ్డది, ఈయన గూడ. గా దినం సంది సుక్క ముట్టలే, నా మీద కాలు లేపలే.

సంబురమే. కని కడుపుల ఒకటి మండుతనే ఉన్నది పోశమ్మా. ఏడేండ్లు నేను బతిలాడితే ఇనని మనిషి, నీ పేరు చెప్పంగనే ఒక్క మాటకు ఇన్నడు. నోరు నాదే, గొంతు నాదే. ఈ బాలలక్ష్మి మాటకే ఇలువ లేదు!

నిన్న మంచం పక్కన కూసొని నిజం చెప్పిన. గా దినం అమ్మ రాలేదయ్యా, తన్నులు పడలేక నేనే ఊగిన అన్న. ఏమన్నడో తెల్సా? "చెంపలేసుకో బాలా, అమ్మకు కోపమొస్తది" అన్నడు. నా చెయ్యి పట్టుకొని నాకే చెంపలేసిండు. పక్క మంచం మీది ముసలాయన గూడ చేతులు జోడిచ్చిండు. నవ్వాల్నా, ఏడ్వాల్నా?

"అమ్మ తన నోటితోని చెప్పాలె, అప్పుడు పెడ్త సంతకం" అన్నడు. సరే. పోయి ఆ మంచం ముంగటనే ఊగుత. నర్సులు తిడ్తె తిట్టనీ. "ఒక కాలు నాకియ్యి కొడుకా, పాణం నువ్వుంచుకో" అంట. బస్సుల కూసొని మాట గూడ తయారు చేసుకున్న.

ఇగ పరేషాన్ ఎందుకంటవా?

యాదవ్వ యాదికున్నదా? కోరుట్ల దిక్కు మనిషి. బిడ్డ కాల్వల పడి పోయిందని మూడేండ్ల కింద ఒక మంగళారం వచ్చింది. గా బోనాల సంది మంగళారం మంగళారం నీ లెక్క ఊగి, వచ్చినోళ్లకు మాట చెప్తున్న గదా. ఎప్పటి లెక్కనే రెండు మాటలు చెప్పి, బండారి పెట్టి పంపుదామనుకున్న. నా ఒళ్లె ఆమె తల పెట్టంగనే నాకేమైందో తెల్వదు. కండ్లు తెరిశేసరికి పొద్దు వాలింది. ఇద్దరం ఒకరినొకరం పట్టుకొని ఉన్నం, నా రవిక తడిశి ముద్దైంది. "రచనా, రచనా అని నా బిడ్డను పిల్శినవ్ తల్లీ" అన్నది యాదవ్వ. ఆ పేరు నాకెవ్వలు చెప్పిండ్రు? ఎవ్వలు చెప్పలే! నా కడుపుల పోయిన పిల్లకు అప్పటిదాక నేను ఏడ్వనే లేదు. ఆమె బిడ్డకు, నా బిడ్డకు కలిపి ఒక్కటే ఏడుపు ఏడ్సిన. గా దినం వచ్చింది నువ్వే. అది నేను గాదు.

అప్పుడు సమజైంది, నువ్వున్నవు. ఒకరి దుఃఖం ఇంకొకరి కడుపులకెల్లి తోడుకపోతవు. మల్ల ఒక్కపారి రమ్మని ఎన్ని మంగళారాలు ఏడ్సిన! రాలే.

కని ఇయ్యాల బుగులైతుంది తల్లీ. ఆ మంచం ముంగట నేను ఊగుతుంటే నిజంగ నువ్వే వస్తే? నువ్వొచ్చినంక నా మాట నా నోట్లె ఉండదు. "మాట మాటే, రెండు కాళ్లు" అంటే? లేకుంటే "నా దగ్గరికి రా కొడుకా" అంటే? ఈయన నవ్వుకుంట వస్తడు. నేను పిలిస్తే పక్కకు గూడ తిరగనోడు, నువ్వు పిలిస్తే లేశొస్తడు.

ఆటోఆయన హారన్ కొడ్తుండు. పోవాలె.

పదమూడేండ్లు నీ పేరు వాడుకున్న, తప్పే. ఎన్నటికన్న రా, నన్నేమన్న చెయ్యి. నీ కాళ్లు మొక్కుత పోశమ్మా, ఇయ్యాల ఒక్క దినం రాకు.